చెన్నై నీళ్ళకి లెక్క ఉంది, మా వీధి నీళ్ళకి ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మేము తిరుపతి టౌన్ దాటినాక కొత్తగా లేచిన కాలనీల్లో ఒకదాంట్లో ఉంటాము, నేనూ మా ఆయనా చిన్న టిఫిన్ సెంటర్ నడుపుతాము. మాకు కొళాయి నీళ్ళు ఏపొద్దు వస్తాయో తెలీదు. ఒకసారి మూడు రోజులకి, ఒకసారి ఆరు రోజులకి, అదీ తెల్లారుజామున మూడున్నరకి వదిలి నాలుగున్నరకి ఆపేస్తారు, మెలకువగా ఉన్నోళ్ళకి దక్కుతాయి, నిద్రపోయినోళ్ళకి ఇంకో నాలుగు రోజులు లేవు. మిగతా రోజులంతా బోరు నీళ్ళే. ఆ నీళ్ళలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా మెత్తగా ఉడకదు, గ్యాస్ అయిపోతుంది కానీ పప్పు మెదగదు, అందుకని వంటకి రోజూ 20 లీటర్ల క్యాన్లు ఆరు కొంటా ఉన్నాము. మా తమ్ముడు టీడీఎస్ మీటర్ (నీళ్ళలో లీటరుకి ఎన్ని మిల్లీగ్రాముల ఉప్పులు కరిగి ఉన్నాయో చూపించేది) తెచ్చి బోరు నీళ్ళలో పెడితే 1400 చూపించింది. తాగే నీళ్ళలో అది 500 లోపల ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట మాత్రమే 2000 దాకా ఒప్పుకోవచ్చు అని మన దేశం పెట్టుకున్న ప్రమాణం చెప్తుంది. మరి మా ఊరు వేరే నీళ్ళు దొరకని చోటా?

కాదు కదా సార్. తిరుపతికి ఒక పక్క కల్యాణి డ్యామ్ ఉంది, ఇంకో పక్క తెలుగుగంగ ఉంది. కృష్ణా నీళ్ళు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు, వెలుగోడు, సోమశిల మీదగా కండలేరుకి వస్తాయి, ఆ కండలేరు 68 టీఎంసీల రిజర్వాయరు, దాంట్లోనుంచే చెన్నైకి పోతాయి, దాంట్లోనుంచే తిరుపతికీ వస్తాయి. 1983లో మన రాష్ట్రానికీ తమిళనాడుకీ కుదిరిన ఒప్పందంలో ఎంత స్పష్టంగా రాసుకున్నారో చూడండి. ఏడాదికి 12 టీఎంసీలు బార్డర్ దాకా చేర్చాలి, జులై నుంచి అక్టోబరు లోపల 8, జనవరి నుంచి ఏప్రిల్ లోపల 4. ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్ అని పెట్టి, నీళ్ళు వదిలినప్పుడు ఎన్ని క్యూసెక్కులు దాటినాయో కొలుస్తారు, తగ్గితే అక్కడి ఇంజనీర్లు ఇక్కడికి లెటర్ రాస్తారు, పేపర్లలో కూడా వస్తుంది. చెన్నై వాళ్ళకి నీళ్ళు ఇవ్వద్దని నేను అనడం లేదు, వాళ్ళూ మనలాంటి జనమే, తాగే నీళ్ళు ఎవరికైనా ఇవ్వాల్సిందే. నేను అడిగేది ఆ కొలత గురించి. పక్క రాష్ట్రానికి కొలిచి ఇచ్చే గవర్నమెంటు మా వీధికి ఎందుకు కొలవదు?

పోయిన ఎండాకాలం ఈ మాటే అడుగుదామని మా వీధి ఆడోళ్ళము ఐదుగురం ఒక ఆఫీసుకి పోయినాము. మీ కాలనీ మా లిమిట్స్ కాదమ్మా అన్నారు. ఇంకో ఆఫీసుకి పోతే పైపులు మావే కానీ నీళ్ళు పైనుంచి రావాలి కదమ్మా అన్నారు. ఆ పైన ఉండేది ఎవరు సార్ అంటే ఇంకో డిపార్ట్‌మెంట్ పేరు చెప్పినారు, ఆడికి పోతే మేము ట్యాంకు దాకానే, వీధుల్లో పంచేది వాళ్ళే కదా అని మళ్ళీ రెండో ఆఫీసుకే పంపినారు. ఎవరూ కసురుకోలేదు, కూర్చోమన్నారు, అర్జీ తీసుకుని సీల్ కూడా వేసిచ్చినారు. మూడు చోట్లా ఉన్నది మంచోళ్ళే, కానీ మా నీళ్ళకి నేను బాధ్యుణ్ణి అని చెప్పే మనిషి మూడు చోట్లా లేడు. నాకు భయమేసింది అక్కడే. ఆ పొద్దు షాపు మూసేసి తిరిగినాము, ఆ నష్టం సంగతి వదిలేయండి.

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది, ఎవరైనా అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలని అందరికీ తెలుసు. దాంట్లోనే నాలుగో సెక్షన్ ఒకటి ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. ప్రతి ఆఫీసూ తన పని ఏంది, ఏ ఆఫీసరు బాధ్యత ఏంది, ఎవరి మీద ఎవరి పర్యవేక్షణ, ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అనేది జనం అడగకముందే బయటపెట్టాలి అని ఆ సెక్షన్ చెప్తుంది. అంటే మేము మూడు ఆఫీసులు తిరిగి కూడా తెలుసుకోలేనిది, చట్టం ప్రకారం గోడ మీద రాసి ఉండాల్సింది.

బోరు నీళ్ళు ఎందుకు ఇట్ల అయినాయి అనేది కూడా దీంట్లో భాగమే. స్వర్ణముఖి ఏట్లోకి మురుగు కలవడం కళ్ళుండే ఎవరికైనా కనపడుతుంది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974 నుంచి ఉంది, మురుగు ఏట్లోకి వదలాలంటే ఫ్యాక్టరీ అయినా ఊరైనా కాలుష్య నియంత్రణ మండలి పర్మిషన్ ఉండాలి. నీళ్ళనీ భూమినీ చెట్లనీ కాపాడే వాల్టా చట్టం 2002లో వచ్చింది, బోర్లకీ ఇసక తవ్వకానికీ చెట్లు కొట్టడానికీ అన్నిటికీ దాంట్లో రూలు ఉంది. రూల్స్ లేక కాదు, ఆ రూలు ఈ వీధిలో ఎవరు అమలు చేయాలి అనేదే తెలీక మేము మునిగిపోతా ఉన్నాము.

మునగడం అంటే నిజంగా మునగడమే. 2021 నవంబరు వానలకి కొండ మీద నుంచి నీళ్ళు కపిలతీర్థం పొర్లి టౌన్‌లోకి దిగినాయి, లక్ష్మీపురం సర్కిల్ చెరువైపోయింది, రామచంద్రాపురం మండలంలో రాయలచెరువు కట్టకి లీకు పడి ఊర్లకి ఊర్లు ఖాళీ చేయించినారు, రాత్రింబగళ్ళు ఇసక మూటలు వేసినారు. మన తిరుపతిలో కొర్లగుంట, తాతయ్యగుంట, కొరమేనుగుంట, తుమ్మలగుంట అని పేర్లు ఎట్ల వచ్చినాయి? అక్కడ గుంటలు ఉండేవి కాబట్టి. పెద్దోళ్ళు నీళ్ళు నిలిచే చోటికి పేరు పెట్టి పోయినారు, మనం పేరు ఉంచుకుని గుంట పూడ్చేసినాము. మొరవ నీళ్ళు పోయే కాలవల మీద ఇళ్ళకి ప్లాన్ అప్రూవల్ ఇచ్చిన సంతకం ఎవరిదో ఫైల్లో ఉంటుంది కదా. వానలో ఇల్లు మునిగినోళ్ళకి సాయం ఇచ్చినారు, మంచిదే, కానీ ఆ సంతకం పెట్టినోళ్ళని పిలిచి అడిగినట్టు నేను యాడా చదవలేదు. నవంబరులో నడుము లోతు నీళ్ళు, మే నెలలో ట్యాంకరు వెనక పరుగు, రెండూ ఒకే ఊర్లో.

మేము పెద్ద ప్రాజెక్టు ఏమీ అడగడం లేదు సార్. మా ఏరియా సచివాలయం బయట ఒక బోర్డు పెట్టండి. ఈ వారం మా ఏరియాకి ఏ రోజు, ఏ టైముకి, ఎన్ని లీటర్లు వదిలినారో రాయండి. నీళ్ళు టెస్ట్ చేస్తే దాని రిజల్టు అదే బోర్డు మీద పెట్టండి, బాగాలేదని వచ్చినా పెట్టండి, కాచుకుని తాగాలో తాగకూడదో మేము చూసుకుంటాము. బాధ్యుడైన ఇంజనీరు పేరూ ఫోన్ నంబరూ కింద రాయండి. మిగిలి ఉన్న చెరువులకైనా సర్వే చేసి హద్దు రాళ్ళు పాతి, ఆ మ్యాపు కూడా జనానికి కనపడేట్టు పెట్టండి.

కొళాయికి మీటర్ పెడతాము అంటే కూడా మా వీధి ఒప్పుకుంటుంది, నేను అందరినీ అడిగే రాస్తా ఉన్నాను. బిల్లు కడతాము. ముందు ఎన్ని నీళ్ళు ఇచ్చినారో ఆ మీటర్‌లో మమ్మల్ని చూడనివ్వండి.

ఇట్లు,
ఒక టిఫిన్ సెంటర్ గృహిణి, తిరుపతి