ఇవ్వరా? అదే కాగితం మీద రాసివ్వండి సార్

రాష్ట్ర బార్ కౌన్సిల్ (న్యాయవాదుల పేర్లు నమోదు చేసే సంస్థ) చైర్మన్ గారూ, నమస్కారం. తిరుపతి నుంచి రాస్తున్నాను.

మూడేళ్ల లా పూర్తిచేసి, 51 ఏళ్ల వయసులో న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకుందామని రాత్రి బస్సెక్కి మీ ఆఫీసుకొస్తే, కౌంటర్లో ఉన్నాయన ఫైలు తెరిచి, నా పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టినతేదీ కింద పెన్సిల్‌తో ఒక గీత గీసి, "ఈ వయసులో ఎందుకండీ మీకు ఇదంతా?" అని ఫైలు వెనక్కి నెట్టేశారు. అంతే. కాగితం లేదు, సంతకం లేదు. (ఆ గీత చెరపలేదు, అలాగే ఉంచాను.)

45 దాటినవాళ్లను చేర్చుకోవద్దని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా పెట్టిన నిబంధనను సుప్రీంకోర్టు 1995లోనే కొట్టేసింది సార్. పోనీ, కాదనాలనే ఉందనుకోండి, దానికీ ఒక పద్ధతుంది కదా. 1961 న్యాయవాదుల చట్టం 26వ సెక్షన్ చూడండి, మీ నమోదు కమిటీ కారణాలు రాసి, దరఖాస్తును బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అభిప్రాయానికి పంపాలి. కౌంటర్లో నోటిమాటతో తేలే పని కాదు.

ఆర్డరే లేకపోతే వీడు కోర్టులో దేన్ని సవాలు చేస్తాడులే అని మీవాళ్ల ధీమా కాబోలు. ఆర్డర్ లేకపోయినా, రాజ్యాంగం 226 అధికరణం కింద రిట్ పిటిషన్ వేసి, ముందు నా దరఖాస్తు మీద ఏదో ఒక నిర్ణయం తీసుకోమని ఆదేశించండని హైకోర్టును అడగొచ్చు, ఆమాత్రం చదువుకున్నాను.

అదే ఫైలు మళ్లీ స్పీడ్ పోస్టులో పంపాను, రసీదు నా దగ్గరుంది. నెల రోజులు చూస్తాను. ఎన్‌రోల్‌మెంట్ నంబరన్నా ఇవ్వండి, ఎందుకివ్వరో రాసన్నా ఇవ్వండి.