రాని విమానానికి మాఫీ ఎందుకండీ? - పౌర విమానయాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. రొయ్య పిల్లల్ని విమానంలో పంపడానికి పడుతున్న తిప్పల మీద ఇది నా నాలుగో ఉత్తరం. మొదటి మూడింటికీ ఒకటే జవాబు, అదీ ఫోన్‌కి మెసేజ్‌గా: మీ అర్జీ అందింది, సంబంధిత విభాగానికి పంపాం. ఆ సంబంధిత విభాగం ఎక్కడుందో చెబితే ఈసారి నేనే పట్టుకెళ్లి ఇచ్చి వస్తాను. అందుకే ఈ లేఖ అందరూ చదివేలా రాస్తున్నాను.

రైతుల సరుకు విమానాల్లో పంపడానికి పెట్టిన కృషి ఉడాన్ పథకం గురించి మీకు నేను చెప్పేదేముంది. ల్యాండింగ్ ఛార్జీ లేదు, పార్కింగ్ ఛార్జీ లేదు, నావిగేషన్ ఛార్జీలూ లేవు. 2021 అక్టోబరులో దాన్నే మార్చి కృషి ఉడాన్ 2.0 అన్నప్పుడు విశాఖ, చెన్నై, కోల్‌కతాల నుంచి తూర్పు దేశాలకు సముద్ర ఉత్పత్తులు అని విడిగా రాశారు కూడా. అది చదివి సంబరపడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. తీరా చూస్తే ఆ మాఫీలు ముఖ్యంగా సరుకు విమానాలకి. మా ఎయిర్‌పోర్టుకి సరుకు విమానమే రాదు. పెళ్లికి రాని చుట్టానికి భోజనం ఉచితం అన్నట్టుంది.

మాది కోస్తాలో రొయ్య పిల్లల్ని పుట్టించి పెంచే హేచరీ. బెంగాల్ రైతులకి వనామీ రకం రొయ్య పిల్లల్ని, అంటే సీడు, పంపుతాం. సంచిలో నీళ్లు, పైన ఆక్సిజన్, మూతికి రబ్బరు బ్యాండ్లు, బాక్సులో ఐసు. లోపల ఉన్నది ప్రాణం సార్. దానికి గడువుంటుంది. లారీలో అయితే ఒక రాత్రీ ఒక పగలూ పడుతుంది. విమానమైతే గాల్లో ఉండేది రెండు గంటల లోపే. కాబట్టి ప్యాసింజర్ విమానం కింద లగేజీ పెట్టే చోట మిగిలిన జాగా కోసం కాచుకుని కూర్చుంటాం.

మిగిలిన జాగా అన్నాను, అక్కడే ఉంది అంతా. ముందు ప్రయాణికుల లగేజీ, తర్వాతే మేం. ఎండాకాలం గాలి పలచబడి విమానం మోయగలిగే బరువు తగ్గుతుంది. అప్పుడు మొదట దిగేది మా బాక్సులే. పోయిన మే నెలలో అరవై రెండు బాక్సులు బుక్ చేశాం. ఎయిర్‌వే బిల్లు, అంటే విమాన సరుకు రసీదు, అయింది, స్కానింగ్ అయింది. సాయంత్రం ఫోన్ వచ్చింది: "ఆఫ్‌లోడ్ అయిందండీ, రేపు పొద్దున చూద్దాం." అంటే మా బాక్సులు విమానం ఎక్కకుండా దించేశారు. ఎందుకంటే లోడ్ ఎక్కువైందన్నారు. ఆ రాత్రంతా బాక్సులు ఫ్యాన్ కూడా లేని షెడ్డులో ఉన్నాయి. తెల్లవారి వెళ్లి ఒక సంచి లైటుకి ఎత్తి చూశాను. బతికున్న పిల్ల నీటికి ఎదురీదుతుంది. ఆ సంచిలో ఏదీ ఈదడం లేదు. అడుగున తెల్లగా, ఉడికిన రవ్వలాగా పేరుకుని ఉంది. నా పక్కనున్న లోడర్ కుర్రాడు "ఇంకో సంచి చూడండి సార్" అన్నాడు. చూశాను. అదీ అంతే. నేను ఎవరినీ తిట్టలేదు, తిట్టడానికి అక్కడ బాధ్యుడంటూ ఎవరూ లేరు. కిరాయి మాత్రం వెనక్కి ఇస్తామన్నారు. సీడు డబ్బులు ఎవరిస్తారు? అవతల చెరువు సిద్ధం చేసుకుని, నీళ్లు పెట్టుకుని కూర్చున్న రైతుకి ఏం చెప్పాలి?

చార్టర్, అంటే విమానం మొత్తం అద్దెకి, మాట్లాడుకోవచ్చు కదా అని ఒక అధికారి సలహా ఇచ్చారు. మాట్లాడాం. చార్టర్ అంటే వెళ్లేటప్పుడు మా సరుకుకీ కట్టాలి, తిరిగొచ్చేటప్పుడు ఖాళీకీ కట్టాలి. విమానం ఇంకో ఊళ్లో ఉంటే అది మా దాకా రావడానికీ మేమే కట్టాలి. ఆ కొటేషన్ చూశాక హేచరీ అమ్ముకుని విమానమే కొనుక్కోవడం నయం అనిపించింది.

ఇది మన వల్ల కాని పనేం కాదు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన డెక్కన్ ఎయిర్‌వేస్ ఆ రోజుల్లోనే డకోటా విమానాలతో నాగపూర్ మీదుగా రాత్రిపూట టపా మోసింది. 1953లో జాతీయం చేశాక అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. 2009లో ఎయిర్ డెక్కన్ పెట్టిన కెప్టెన్ గోపీనాథ్ మళ్లీ నాగపూర్‌నే కేంద్రంగా చేసుకుని డెక్కన్ 360 పెట్టారు, సరుకు కోసమే. రెండేళ్లు తిరిగేసరికి ఆగిపోయింది. ప్రయాణికులను మోసినవీ నిలబడలేదు: విజయవాడ ఎయిర్ కోస్టా 2013లో మొదలై 2017లో ఆగింది, హైదరాబాదు ట్రూజెట్ 2015లో ఎగిరి 2022లో దిగింది. ఒక్కోదానికి ఒక్కో కారణం ఉండొచ్చు. చిన్న రూట్లలో సంస్థ తన కాళ్ల మీద తను నిలబడేదాకా ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలన్నది నా గోడు. వెళ్లేటప్పుడు నిండుగా, వచ్చేటప్పుడు ఖాళీగా తిరిగే విమానాన్ని ఏ వ్యాపారి మాత్రం ఎన్నాళ్లు నడుపుతాడు?

చిన్న ఊళ్లకి విమానాలు నడిపే ఉడాన్ పథకంలో సీటుకి మూడేళ్లు వయబిలిటీ గ్యాప్ డబ్బులు, అంటే నష్టం పూడ్చే సాయం, ఇచ్చారు. మంచిదే, మా ఊరి వాళ్లూ ఎక్కారు. అదే లెక్క కిలోకి ఎందుకు పెట్టరు? వారానికి మూడు రాత్రులు, ఒక చిన్న ఏటీఆర్ రకం పంకా సరుకు విమానం. తిరుగు ప్రయాణంలో ఖాళీ జాగాకి మీరు భరోసా ఇవ్వండి, వెళ్లే జాగాని మేం పదిమంది హేచరీల వాళ్లం నింపుతాం, రాసిస్తాం. అది కుదరదంటే కనీసం ప్రాణమున్న సరుకుని చివరగా దించమని ఒక్క ఆర్డరైనా వెయ్యండి. అదీ కుదరదంటే ఆ షెడ్డులో ఒక చల్లగది. అదీ కాదంటే ఫ్యాను. నా అడుగుడు ఎక్కడ మొదలై ఎక్కడికి దిగిందో చూశారా సార్?

పాత మూడు అర్జీల కాపీలు, ఆఫ్‌లోడ్ అయిన ఎయిర్‌వే బిల్లు దీనితో జతచేస్తున్నాను. వచ్చే వారం బెంగాల్‌కి మళ్లీ సీడు పంపాలి. ఈసారి లారీ మాట్లాడాను.

ఇట్లు,
ఒక హేచరీ నిర్వాహకుడు