కొత్త గదులకు సముద్రం కనపడదు, ముందే చెబుతున్నా

మా బంగళాలో అద్దెకిచ్చే కొత్త గదులు సంక్రాంతికి సిద్ధమవుతాయని అడ్వాన్సులు తీసుకున్నాను. కాలేదు. తప్పు నాదే. డబ్బులు అందరికీ వెనక్కి పంపాను. ఎవరికైనా అందకపోతే మొహమాటపడకుండా ఫోన్ చేయండి.

భీమిలిలో మా బంగళాకి ఇన్నాళ్లూ ఆరు గదులే. వెనక జీడిమామిడి తోటలో ఇంకో నాలుగు కడుతున్నాం. "ముందువైపే కట్టొచ్చుగా, సీ వ్యూకి రేటు కూడా ఎక్కువొస్తుంది" అని చాలామంది అడిగారు. సముద్ర తీరంలో కట్టడాలకు హద్దులు పెట్టే సీఆర్‌జెడ్ నిబంధనల ప్రకారం మాలాంటి పట్టణ తీరంలో పాత రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడానికో లోపలివైపే కొత్తవి కట్టాలి. రూలు లేకపోయినా నేను ముందుకు జరిగేవాణ్ణి కాదు. సాయంత్రం మీరంతా కుర్చీలు లాక్కుని వరండాలో కూర్చునేది ఆ గాలి కోసమేగా! కొత్తవి ఒక్క అంతస్తే, పైన బెంగుళూరు పెంకులు. 1861లోనే మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. డచ్చివాళ్ల సమాధులు చూడటానికొచ్చినవాళ్లకి మా వీధిలో మూడంతస్తుల అద్దాల మేడ ఎదురైతే ఏం బావుంటుంది?

ఇక ఆలస్యం సంగతి. పాత బంగళా గానుగ సున్నంతో కట్టింది. రెండేళ్ల కిందట ఖర్చు కలిసొస్తుందని వరండా గోడకి సిమెంటు పూయించాను. సిమెంటు గోడలో తేమని బయటికి పోనివ్వదు. ఒక్క వానాకాలానికే గోడ అడుగున తెల్లగా ఉప్పు పూసింది. వేలితో గీస్తే ఇటుక పొడిలా రాలింది. కొత్త గదులకు వెళ్లే నడవా ఆ గోడకే ఆనాలి. అందుకే ఆ సిమెంటంతా చెక్కించి మళ్లీ సున్నం పూయిస్తున్నా. సున్నం నానాలి, ఇసుకతో గానుగాడాలి, కరక్కాయ, బెల్లం నీళ్లు పడాలి, పూత పూతకీ ఆరాలి. (బెల్లం కుండ చుట్టూ చీమల జాతర వేరే.) తొందరపెడితే మేస్త్రి "సున్నం మన మాట వినదు బాబూ" అంటాడు.

ఇంకొకటి. ఈ నెలల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి. గుడ్లలోంచి వచ్చిన తాబేలు పిల్లలు వెలుగుని చూసి దారి తప్పి ఇటు పాకేస్తాయి. అందుకని రాత్రిళ్లు సముద్రం వైపు లైట్లు ఆర్పేస్తున్నాం.

ఉగాదికి తెరుస్తామని చెప్పాలనే ఉంది, కానీ చెప్పను. గోడ ఆరాక తేదీ చెబుతా. అప్పటిదాకా పాత గదులున్నాయి. పగలు పదింటి నుంచి ఐదింటి దాకా సుత్తి చప్పుడు తప్పదు కాబట్టి అద్దె తగ్గించాను. మధ్యాహ్నం కునుకు అలవాటున్నవాళ్లు మాత్రం ఇప్పుడు రాకండి.