ఉప్పు మూట, చిన్న బండి

డర్బీ, ఇంగ్లండు,
నవంబరు, ఆదివారం రాత్రి

ఒరేయ్ రాంబాబూ,

నువ్వు పంపిన ఉప్పు నా కొంప ముంచింది. కంగారు పడకు, మనుషులకేం కాలేదు. పట్టాలకి అయింది.

పోయిన వేసవిలో మా అమ్మ చేత అరకిలో నౌపడ ఉప్పు పంపించావు కదా, నౌపడ స్టేషన్ బొమ్మ కడుతూ అంగట్లో ఉప్పు వాడితే పాపం తగులుతుందని. నాకూ ఆ మాట తెగ నచ్చింది. స్టేషన్ పక్కన ఉప్పుమడులు చేసి, గట్ల మీద వేలెడంత కుప్పలు పోసి, జిగురు నీళ్లు చల్లాను. రెండు వారాలు చూడముచ్చటగా ఉంది. మా బొమ్మ రైళ్ల క్లబ్బు వాళ్లు వంగి వంగి చూసి, నిజం ఉప్పేనా అని ఒకాయన నాలిక మీద వేసుకున్నాడు కూడా. ఆ తర్వాత ఇక్కడ వానలు పట్టుకున్నాయి. మా గ్యారేజీలో తేమకి అగ్గిపుల్ల కూడా మెత్తబడిపోతుంది. ఒక ఆదివారం తలుపు తీసేసరికి కుప్పలు కరిగి కారిపోతున్నాయి, పక్కనున్న పట్టాలన్నీ ఆకుపచ్చ చిలుము. వాటిని నికెల్ సిల్వర్ పట్టాలంటారు. పేరులోనే వెండి, లోపలున్నది రాగి, జింకు, నికెల్. రాగిని చూశాక ఉప్పు ఊరుకుంటుందా? బిగించిన సన్న మేకులైతే తుప్పు పట్టి తలలు ఊడి వచ్చాయి. అదంతా పీకి మళ్లీ వేయడానికి మూడు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు అక్కడున్నది పాలరాతి పొడి. అమ్మకి మాత్రం చెప్పకు, తను మోసుకొచ్చిన ఉప్పే అనుకుంటోంది.

యాభై దాటాక ఈ బొమ్మ రైళ్ల పిచ్చి ఏంట్రా అని మొన్న ఫోన్లో అడిగావు. నవ్వేసి ఊరుకున్నాను. ఇప్పుడు చెప్తాను, చెల్లెమ్మ చేత కాఫీ పెట్టించుకుని కూర్చో.

టెక్కలిలో ఎక్కి పాతపట్నంలో మీ అమ్మమ్మగారింటికి వెళ్లేవాళ్లం, గుర్తుందా? బొగ్గు నలుసు నా కంట్లో పడితే మీ అమ్మగారు పైట చెంగు ఉండ చేసి, నోటి ఆవిరి పట్టి కంటికి అద్దేవారు. ఆ వెచ్చదనం ఇప్పటికీ గుర్తుంది గానీ, ఆవిడ ఏ సీట్లో కూర్చున్నారో, ఆ సీటు చెక్కదో రేకుదో గుర్తు లేదు. బొమ్మ కట్టడానికి కూర్చుంటే ఇదే గొడవ. మనసులో ఉన్నదంతా ఆవిరే. కొలతలు లేవు.

మన లైను సంగతి నీకు తెలియనిదేం కాదు. మెయిన్ లైను నౌపడ మీదుగా పోతోంది కాబట్టి తమ ఊరిని దానికి కలపాలని పర్లాకిమిడి రాజావారు వేయించుకున్నారు, 1900లో. తర్వాత గుణుపూరు దాకా పొడిగించారు, మొత్తం తొంభై కిలోమీటర్లు. పట్టాల మధ్య దూరం రెండున్నర అడుగులు, 762 మిల్లీమీటర్లు, నేరోగేజ్ అన్నమాట. 2004లో ఆగిపోయింది. బ్రాడ్‌గేజ్ వేసి 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూరు దాకా మళ్లీ నడిపారు. అందుకు నాకేం బాధ లేదురా. గుణుపూరులో ఎక్కినవాడు విశాఖలో దిగుతున్నాడు, అది మంచిదే. రెండు గంటలు ఊగుతూ పోయేవాళ్ల కష్టాన్ని, ఫొటోలు తీసుకునేవాళ్ల ముచ్చట కోసం నిలబెట్టాలని నేననను. పోనీ డార్జిలింగ్ లైనులా కొండలున్నాయా, టూరిస్టులున్నారా? దానికి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది, కాల్కా సిమ్లాకి 2008లో వచ్చింది. మనది వరిచేల మధ్య పోయే బండి. దాన్ని ఎవరు దాస్తారు?

కాబట్టి గ్యారేజీలో దాస్తున్నాను. ఇక్కడ కాస్త లెక్క చెప్పాలి, నువ్వు లెక్కల మాస్టారివే కాబట్టి విసుక్కోవు. బొమ్మ రైళ్లలో ఎన్ సైజు అని చిన్నది ఒకటుంది, అసలుకి 160వ వంతు. దాని పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఆ పట్టాలే తీసుకుని, వాటి మీద 76వ వంతు సైజులో పెద్ద పెట్టెలు, పెద్ద మనుషులు పెట్టావనుకో, పట్టాలు సన్నగా, బండి బొద్దుగా కనిపిస్తుంది. అచ్చం నేరోగేజ్! దీన్నే 009 అంటారు. ఎన్ సైజు ఇంజను పైడొక్క తీసేసి, కింద మోటారు, చక్రాలు ఉంచి, పైన మనకు కావాల్సిన బండి ఒళ్లు కట్టుకోవడమే. 1960లలో జర్మనీలో ఎగ్గర్‌బాన్ అనే కంపెనీ 9 మిల్లీమీటర్ల మీద పరిగెత్తే బుల్లి ఇంజన్లు అమ్మింది, కొన్నాళ్లకే మూతపడింది. అయినా అందరికీ ఆశ అంటించి మరీ పోయింది. ఇక్కడ 009 సొసైటీ 1973లో మొదలైంది.

ఇప్పుడు లెక్క వేసి చూడు. 9 ని 76తో గుణిస్తే 684. అంటే రెండుంపావు అడుగులు. వేల్స్‌లో టాలిలిన్ అనే లైను సరిగ్గా ఆ గేజే, వాళ్లకి ఇది వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోతుంది. మన 762కి మాత్రం పది మిల్లీమీటర్లు కావాలి. 87వ వంతులో కడితే 8.76 వస్తుంది, 9కి దగ్గరే, మనకి అదే సరైన సైజు. కానీ మా క్లబ్బులో అందరివీ 76వ వంతువే. విడిగా కడితే నా బండి నా గ్యారేజీలోనే తిరగాలి, వాళ్ల పట్టాల మీద బొమ్మల మధ్య కలవదు. నెలరోజులు తేల్చుకోలేక చచ్చి, ఒక మిల్లీమీటరు అబద్ధం ఆడేశాను. నలుగురితో నడిచే బండి కావాలనిపించింది. మా క్లబ్బులో ఒకాయన ఇప్పటికీ స్కేలు పట్టుకుని నా పట్టాలు కొలిచి నిట్టూరుస్తాడు.

టాలిలిన్ సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. 1950లో దాని యజమాని చనిపోతే లైను మూసేస్తారని అందరూ అనుకున్నారు. మామూలు జనం కొందరు బర్మింగ్‌హామ్‌లో మీటింగు పెట్టుకుని, జీతం లేకుండా మేమే నడుపుతాం అన్నారు. 1951 నుంచి నడుపుతూనే ఉన్నారు. ప్రపంచంలో అలా జనం కాపాడుకున్న మొదటి రైల్వే అదే. నేను వెళ్లినప్పుడు టికెట్లు చూసినాయన రిటైరైన పళ్ల డాక్టరు.

అసలు రైళ్లని ఇలా దాచుకునేవాళ్లున్నారు గానీ, బొమ్మ రైళ్లని దాచేదెవరు? ఈ ప్రశ్న నాకు పోయినేడాది దాకా తట్టలేదు.

మా క్లబ్బులో ఒక పెద్దాయన ఉండేవారు, ఎనభై దాటాయి. ముప్ఫై ఏళ్లు కట్టిన లైను ఆయనది, గ్యారేజీ నిండా. ఆయన పోయాక కూతురు ఫోన్ చేసింది, ఇల్లు అమ్మేస్తున్నాం, రెండు వారాల్లో ఖాళీ చేయాలి, ఏమైనా కావాలంటే తీసుకెళ్లండి అని. నలుగురం వెళ్లాం. ముందు తెలిసింది ఏంటంటే, బల్లలన్నీ గోడకి బిగించేశారు, విడదీసే ఏర్పాటే లేదు. తలుపులోంచి ఏదీ బయటికి రాదు. తర్వాత బల్ల కిందకి దూరాం. అడుగున కొన్ని వందల తీగలు, అన్నీ ఆకుపచ్చవే! ఎక్కడో ఒక పెద్ద చుట్ట చవగ్గా దొరికిందట. ఏ తీగ ఏ పట్టాకి పోతుందో ఆయనకి తెలుసు, ఆయన వెళ్లిపోయారు. ఒకడు కింద పడుకుని తీగ లాగడం, ఇంకొకడు పైనుంచి "కదిలింది, కదిలింది" అని అరవడం. రెండు రోజులు అదే పని.

చివరికి రంపం పట్టుకున్నాం. నాలుగడుగుల ముక్క, ఒక స్టేషను, ఒక వంతెన మాత్రం మిగిలాయి. కోస్తుంటే ఆ అమ్మాయి బయటికెళ్లి నిలబడింది. బిస్కెట్ డబ్బాల్లో ఇంజన్లు దొరికాయి, ఒక్కో దానికి చీటీ. ఒక డబ్బా తీస్తే లోపల పాత పోత ఇంజను చట్రం. జింకు పోతలో సీసం కలిస్తే ఏళ్లు గడిచేకొద్దీ లోపల్నుంచి పగులుతుంది. పట్టుకుంటే పాతబడిన కజ్జికాయలా చేతిలోనే పొడైపోయింది. అన్నిటికన్నా అడుగున ఒక నోటుబుక్కు. ఏ పెట్టెకి ఎన్ని గ్రాముల బరువు పెట్టారో, ఏ మలుపులో ఏ ఇంజను తడబడుతుందో, ఎక్కడ నూనె వేయకూడదో, అంతా పెన్సిలుతో రాసి పెట్టారు. తీగల సంగతి మాత్రం రాయలేదు. అది అందరికీ తెలిసిన విషయమే అనుకున్నారేమో.

ఇవన్నీ కొత్త కథలు కావట. అమెరికాలో జాన్ అలెన్ అని మహానుభావుడు, కాలిఫోర్నియాలో ఇంటి కింద పెద్ద పర్వతాల లైను కట్టాడు, అందులో ఒక చిన్న నేరోగేజ్ పాయ కూడా ఉండేది. 1973 జనవరిలో ఆయన పోయిన రెండు వారాల్లోపే అది చాలా మటుకు కాలిపోయింది. ఇంగ్లండులో జాన్ అహెర్న్ అనే ఆయన కట్టిన మ్యాడర్ వ్యాలీ లైను మాత్రం, ఆయన 1961లో పోయినా, ఆక్స్‌ఫర్డ్ దగ్గర పెండన్ మ్యూజియంలో పదిలంగా ఉంది. చూసి వచ్చాను. అందులో బొమ్మ ఇళ్లు ఎంత అందంగా ఉన్నా నా కళ్లు బల్ల కిందకే పోయాయి, తీగలు ఏ రంగో అని. మనవైపు ఏమీ లేదనుకోకు. పుణెలో కోత్రూడ్‌లో జోషీగారి మినియేచర్ రైల్వే మ్యూజియం 1998 నుంచి నడుస్తోంది. అసలు నేరోగేజ్ ఇంజన్లు చూడాలంటే నాగ్‌పూర్‌లో మోతీబాగ్ మ్యూజియం ఉంది. సెలవుల్లో పిల్లల్ని తీసుకెళ్లు.

ఆ గ్యారేజీ నుంచి వచ్చిన రాత్రే నా బల్ల తిరగేసి, తీగలకి ఐదు రంగులు పెట్టుకున్నాను. ప్రతి బల్ల వెనక వైరింగు బొమ్మ అతికించాను. తలుపులోంచి ఏ ముక్కైనా ఒక్కడే మోసుకెళ్లేలా కోశాను. పెట్టెల డ్రాయింగులు ముగ్గురికి ఇచ్చాను, కాగితం మీద కూడా. కంప్యూటరు ఫైళ్ల మీద నాకు నమ్మకం లేదు, నా పెళ్లి ఫొటోల సీడీ ఇప్పుడు ఎందులోనూ తెరుచుకోదు. ఆస్ట్రేలియాలో ఎవరో, పేరు కూడా సరిగ్గా తెలియదు, నా డ్రాయింగుతో మన పెట్టె ఒకటి త్రీడీ ప్రింటు తీసి ఫొటో పంపాడు. రంగు మాత్రం ఘోరంగా వేశాడు, నారింజ! అయినా ఆ రోజంతా గాల్లో తేలాను.

క్లబ్బులో ఒక వాదన ఉంది, పాత మోడళ్లు అద్దాల పెట్టెలో పెట్టాలి, ముట్టుకోనివ్వకూడదని. నేను ఒప్పుకోను. నడపకపోతే మోటారులో నూనె గడ్డకడుతుంది, పిల్లలకి చెయ్యి తగలకపోతే ఇంకో ఇరవై ఏళ్లకి అద్దం తుడిచేవాడు కూడా ఉండడు. మొన్న ప్రదర్శనలో ఎనిమిదేళ్ల పిల్ల ఒకర్తె వచ్చింది. కంట్రోలర్ చేతికిచ్చాను. టెంబూరు గేటు దగ్గర నేను మట్టితో చేసిన గేదె పట్టాలకి మరీ దగ్గరగా నిలబడి ఉంటుంది. ఆ పిల్ల బండి ఆపేసింది. ఎందుకమ్మా అంటే, "అది దాటాలి కదా" అంది. మేం నలుగురం, వెనక ఇరవైమంది జనం, మట్టి గేదె దాటేదాకా నిలబడ్డాం. చివరికి నేనే వేలితో పక్కకి జరిపాను.

ఇక నీ పని. పాత స్టేషన్లలో మిగిలిన గోడలేమైనా ఉంటే ఎదురుగా నిలబడి ఫొటో తీయి, పక్కన మీ అబ్బాయిని నిలబెట్టు, వాడి ఎత్తు రాసి పంపు. ఇటుకలు కనిపిస్తే వరసలు లెక్కపెట్టు, ఒక్క ఇటుక కొలిచావంటే గోడ ఎత్తు నేను లెక్క కట్టుకుంటాను. అంతకన్నా ముఖ్యం పెళ్లి ఆల్బములు. మనవాళ్లెవరూ రైలుని ఫొటో తీయలేదు గానీ, పెళ్లివారు దిగుతుంటే తీశారు. పెళ్లికూతురి వెనక పెట్టె తలుపు ఉంటుంది, కిటికీ ఉంటుంది. టెక్కలిలో, పాతపట్నంలో ఇళ్లిళ్లకీ అడుగు. మీ పెదనాన్నగారు ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్‌గా చేశారు కదా, ఆయన దగ్గర కూర్చుని ఫోన్‌లో రికార్డు చేయి. ప్రశ్నలు వేయకు, కాశీనగర్ దగ్గర ఇంజనుకి నీళ్లు పట్టేటప్పుడు ఏం చేసేవారని మాత్రం అడిగి ఊరుకో, మిగతాది ఆయనే చెప్తారు. ఆలస్యం చేయకురా, ఆయనకి ఎనభై ఆరు.

ఇంకొకటి. పెట్టెల రంగు నాకు ముదురెరుపని గుర్తు. మా అక్క నీలం అంటోంది, ఒట్టేసి మరీ. నీకేం గుర్తు? సంక్రాంతికి వస్తున్నాను, అప్పటిదాకా రంగు డబ్బా మూత తీయను.

నీ
సూరి

తా.క.: ఈసారి అమ్మతో ఏమైనా పంపాలనిపిస్తే కాజాలు పంపు. ఉప్పు వద్దు.