వెన్నునీటి పరీక్ష మన జిల్లాలకు అందాలి

సంపాదకులకు నమస్కారాలు.

మా అక్క మనవరాలు విజయనగరంలో డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతూ కిందటి ఏడాది దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. రెండు మూడు రోజులు తలనొప్పి, కొద్దిపాటి జ్వరం ఉన్నాయి. వారం తిరగకుండానే కంటి మీద కునుకు లేకుండా పోయింది. తల్లి పెట్టిన అన్నంలో ఏదో కలిపారని అనుమానించడం, ఉన్నట్టుండి ఏడవడం, ఆపైన మాట తగ్గిపోయి ఏదో నములుతున్నట్టు దవడలు ఆడించడం మొదలుపెట్టింది. ఊళ్లో కొందరు గాలి సోకిందన్నారు, కొందరు చిల్లంగి అన్నారు. తాయెత్తులకు నాలుగు రోజులు పోయాయి. తరువాత చూపించిన ఆసుపత్రిలో ఎంఆర్ఐ బాగానే ఉందని చెప్పి, ఇది మానసిక వ్యాధేనని మందులిచ్చారు. ఆ మందులకు పిల్ల ఒళ్లు కర్రలా బిగుసుకుపోయింది. పదమూడో రోజున ఫిట్సు వచ్చాకగానీ విశాఖపట్నం తీసుకువెళ్లాలని మాకెవరికీ తట్టలేదు. అక్కడి నరాల వైద్యులు వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపిస్తే, ఆమె రోగనిరోధక వ్యవస్థే ఆమె మెదడు మీద తిరగబడిందని తేలింది.

నేను ముప్పై ఏళ్లు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. తెల్ల రక్తకణాలు కోటను కాసే సైనికుల వంటివని బొబ్బిలి పిల్లలకు ఎంతో ఉత్సాహంగా చెప్పేవాణ్ని గానీ, ఆ సైనికులు ఒక్కోసారి కోటలోని వారి మీదే కత్తి దూస్తారని, దాన్ని బయటివాళ్లు పిచ్చి అనుకుంటారని చెప్పిన గుర్తు లేదు. అందుకే ఈ వ్యాధి గురించి నేను ఆలస్యంగా తెలుసుకున్నది నలుగురికీ చెప్పడం నా బాధ్యత అనుకుంటున్నాను.

మెదడు కణాల మీద సంకేతాలను అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలనేవి ఉంటాయి. జ్ఞాపకానికీ ఆలోచనకూ అవి కావాలి. శరీరం పొరపాటున వాటికి విరుద్ధంగా యాంటీబాడీలను, అంటే రోగక్రిములతో పోరాడవలసిన ప్రోటీన్లను, తయారు చేసుకుంటే, అవి గ్రాహకాలకు అంటుకుని వాటిని కణం లోపలికి లాగేస్తాయి. ఈ వ్యాధిని యాంటీ ఎన్‌ఎండీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అంటారు. అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో జోసెప్ డాల్మావ్ బృందం 2007లో ఈ వ్యాధి మూలాన్ని బయటపెట్టింది. కొందరు ఆడపిల్లల్లో అండాశయంలో టెరటోమా అనే కణితి ఉంటుంది. అందులో నాడీకణజాలం కూడా ఉండడం వల్ల దాని మీద మొదలైన దాడి మెదడు దాకా పోతుంది. 2013లో వెలువడిన 577 మంది రోగుల అధ్యయనంలో 81 శాతం స్త్రీలే, 37 శాతం మంది 18 ఏళ్లలోపు వారే. ఎంఆర్ఐ తీసినవారిలో మూడింట రెండు వంతుల మందికి అది మామూలుగానే ఉంది, మెదడులోని విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీ పరీక్షలో మాత్రం 90 శాతం మందికి తేడా కనిపించింది. అంటే ఎంఆర్ఐ బాగుందన్న ఒక్క మాటతో ఇంటికి పంపడం ఎంత ప్రమాదమో చూడండి. స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబ్యులిన్ (దాతల రక్తం నుంచి తీసిన యాంటీబాడీల మందు), ప్లాస్మా మార్పిడి (రక్తంలోని ద్రవభాగాన్ని తీసి మార్చడం), కణితి ఉంటే శస్త్రచికిత్స, ఇవీ వైద్యం; రెండేళ్లు గమనించిన వారిలో నూటికి 80 మంది బాగా కోలుకున్నారు. మా పిల్ల కూడా కోలుకుంది, మళ్లీ కళాశాలకు వెళుతోంది. ఆ దసరా నెల మాత్రం ఆమెకు గుర్తు లేదు. అరెకరం అమ్మిన సంగతి మాకు గుర్తుంది.

అయితే మానసిక వ్యాధులన్నీ ఇలాంటివేనని ఎవరూ అనుకోకూడదు. ఇది అరుదైన వ్యాధి. ఈ లేఖ చదివి ఎవరూ వాడుతున్న మాత్రలు ఆపవద్దని వేడుకుంటున్నాను. ఇన్‌ఫెక్షన్లకూ మానసిక వ్యాధులకూ ముడి ఉందా అని డెన్మార్కులో 1995 నుంచి 2012 వరకు పుట్టిన సుమారు 11 లక్షల మందిని పరిశీలించినప్పుడు, ఆసుపత్రిలో చేరాల్సినంత ఇన్‌ఫెక్షన్ వచ్చిన పిల్లల్లో తరువాత మానసిక వ్యాధి రావడం 84 శాతం ఎక్కువగా కనిపించింది. అది సంబంధమే తప్ప జ్వరమే కారణమని రుజువు కాదు; తోబుట్టువులతో పోల్చి చూసినప్పుడు ఆ తేడా తగ్గింది కూడా. నేను అడుగుతున్నది అంత పెద్ద విషయం గురించి కాదు, రోజుల వ్యవధిలో మనిషి మారిపోయిన యువతీయువకుల గురించి మాత్రమే.

మునుపు ఏ మానసిక సమస్యా లేని పిల్లలకు జ్వరం, ఫిట్సు, మాట పడిపోవడం, ఒళ్లు బిగుసుకోవడం వంటివి మతి తప్పడంతో కలిసి వస్తే, శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రుల్లో ఈఈజీ తీసి, వెన్నునీరు సేకరించి, యాంటీబాడీ పరీక్షకు పంపే ఏర్పాటు నికరంగా ఉండాలి. మానసిక, నరాల వ్యాధులకు వైద్యం చేసే బెంగళూరులోని నిమ్హాన్స్ వంటి సంస్థలు ఈ పరీక్ష చేస్తున్నాయి. రోగి అంత దూరం వెళ్లనక్కరలేదు, సీసా వెళితే చాలు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకూ ఆశా కార్యకర్తలకూ ఈ లక్షణాలను గుర్తుపట్టడం నేర్పాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేసేవారిని, ‘ఎన్నాళ్లుగా ఇలా ఉంది, ముందు జ్వరం వచ్చిందా’ అని తప్పకుండా అడగాలి. ఇక డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవలో ఈ పరీక్షకూ ఇమ్యునోగ్లోబ్యులిన్‌కూ డబ్బు ఇస్తారో లేదో ఆ రోజు మాకు చెప్పినవారు లేరు. ఆ ఒక్క వివరమైనా రెండు జిల్లాల ఆసుపత్రుల చీటీల కిటికీ పక్కన తెలుగులో రాసి పెట్టవలసిందిగా మీ పత్రిక ద్వారా అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బొబ్బిలి, విజయనగరం జిల్లా