గిటార్‌కు లాకర్ పూత కొట్టేది ముసురు రోజున కాదు

సంపాదకులకు,

ఇంట్లో ఎలక్ట్రిక్ గిటార్ చేసుకునేవారు కోతపై పెట్టే శ్రద్ధలో సగం కూడా పూతపై పెట్టరు. ముసురు రోజున నైట్రోసెల్యులోజ్ లాకర్ (చెక్కకు మెరుపునిచ్చే పూత) కొడితే, అందులో కలిపిన థిన్నర్ ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. దానిపై గాలిలోని తేమ చేరి పూత పాలలా తెల్లబడుతుంది. పొడి రోజున రిటార్డర్ థిన్నర్ (నెమ్మదిగా ఆరే థిన్నర్) పలుచగా కొడితే ఆ తెలుపు చాలావరకు పోతుంది.

మహాగని చెక్కలోని సన్న రంధ్రాలను ముందే ఫిల్లర్‌తో పూడ్చాలి. లేకుంటే కొన్నాళ్లకు పూత కుంగి గీతలు తేలతాయి. టేకు చూడ్డానికి బాగుంటుంది గానీ, దాని నూనె లాకర్‌ను సరిగా పట్టనివ్వదు. లాకర్ కింద మైనం తీసిన షెల్లాక్ (లక్కతో చేసే పూత) ఒక పూత వేయాలి.

బ్రిడ్జి (బాడీపై తీగలను మోసే భాగం), స్క్రూ రంధ్రాలు పూతకు ముందే వేయడం మేలు. 648 మి.మీ. స్కేలుకు (తీగ మోగే పొడవుకు) నట్ (మెడ పైచివర తీగలు ఆనే పట్టీ) నుంచి 12వ ఫ్రెట్ (మెడపై అడ్డంగా ఉండే లోహపు కమ్మీ) 324 మి.మీ. దగ్గర రావాలి. లావు తీగ శాడిల్‌కు (బ్రిడ్జిపై తీగ ఆనే ముక్కకు) వెనక్కి జరిగే చోటు ఉంచాలి.

చివరి పూత మూడు నాలుగు వారాలు ఆరాకే 1000, 1500, 2000 నంబర్ల వాటర్ పేపర్‌తో రుద్దాలి. అప్పుడు స్క్రూ రంధ్రాల్లోకి నీళ్లు దిగితే చెక్క ఉబ్బి అంచుల్లో పూత పగులుతుంది. తొందరపడేవారికి ఎక్కువగా ఇదే జరుగుతుంది.

థిన్నర్ ఆవిరి భగ్గున అంటుకుంటుంది. పొయ్యి, దీపం ఉన్నచోట స్ప్రే చేయకూడదు. గుడ్డ మాస్కు పనికిరాదు, కార్బన్ కార్ట్రిడ్జ్ ఉన్నదే కావాలి.

– ఒక పాఠకుడు, విజయవాడ