టీఎఫ్ఎన్ కొనుక్కునేది కాదు

సంపాదకులకు,

ఆస్ట్రేలియా వర్క్ అండ్ హాలిడే వీసా 2024లో భారతీయులకూ తెరుచుకుంది. 18 నుంచి 30 ఏళ్లవారికి ఏటా వెయ్యి వీసాలు, అదీ లాటరీలో. నల్లగొండ, మిర్యాలగూడ, పాలమూరు, వనపర్తి నుంచీ పేర్లు ఇస్తున్నారు. లాటరీ సంగతులు పత్రికల్లో వస్తున్నాయి గానీ, అక్కడ దిగాక మొదటి జీతంలో ఎంత కోత పడుతుందో, ఎందుకు పడుతుందో ఎక్కడా కనబడదు. ఈ సందులోనే కొందరు ఏజెంట్లు ‘టీఎఫ్ఎన్ ప్యాకేజీ’ పేరుతో విమానం ఎక్కకముందే డబ్బు గుంజుతున్నారు.

టీఎఫ్ఎన్ అంటే టాక్స్ ఫైల్ నంబర్, అంటే మన పాన్ లాంటిదే. తొమ్మిది అంకెలుంటాయి. దరఖాస్తుకు రుసుము లేదు, ఒక్క డాలరు కూడా. ఆస్ట్రేలియన్ టాక్సేషన్ ఆఫీసు (ఏటీఓ) వెబ్‌సైట్లో విదేశీ పాస్‌పోర్టువారి కోసం విడిగా ఆన్‌లైన్ ఫారం ఉంది. ఆ దేశంలో దిగాకే అది నింపాలి. కాబట్టి ‘ఇక్కడి నుంచే తీసిపెడతాం’ అనే ఏజెంటు మాట నమ్మొద్దు. చెల్లుబాటయ్యే పాస్‌పోర్టు, పని హక్కున్న వీసా, అక్కడి చిరునామా, ఫోను, ఈమెయిల్ ఉంటే చాలు. పాస్‌పోర్టు, వీసా వివరాలను వాళ్లే వలసల శాఖ రికార్డుతో సరిచూసుకుంటారు.

మనవాళ్లకు చిక్కు వచ్చేది ఈ సరిచూసే దగ్గరే. చాలామంది పాస్‌పోర్టుల్లో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరు, సొంతపేరు కలిసి ఒకే వరుసలో ఉంటాయి. పదో తరగతి మెమోలో ఇంకో తీరు, పాన్‌లో మరో తీరు. టీఎఫ్ఎన్ ఫారంలో మాత్రం మెమో ప్రకారమో, అలవాటు ప్రకారమో రాయొద్దు. వీసా మంజూరు పత్రం ముందు పెట్టుకుని, అందులో ఏ పేరు ఏ గడిలో పడిందో అచ్చం అలాగే ఎక్కించాలి. పుట్టిన తేదీ పాస్‌పోర్టుదే. పేరు తేడా వస్తే దరఖాస్తు అక్కడే ఆగుతుంది.

రెండోది చిరునామా. నంబరు ఎస్సెమ్మెస్‌లోనో మెయిల్‌లోనో రాదు, కాగితం ఉత్తరంగా పోస్టులో వస్తుంది. 28 రోజుల వరకు పట్టొచ్చు. హాస్టల్లో దిగి, ఆ చిరునామా ఇచ్చి, పది రోజులకు పండ్లతోటల పనికి ఇంకో రాష్ట్రం వెళ్తే ఆ ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో చెప్పలేం. నెల రోజులు కదలని బంధువుదో స్నేహితుడిదో ఇల్లు ఇవ్వడం మేలు. పోస్టు డబ్బా మీద మీ పేరు కూడా అతికించమనండి. ఆలస్యమైందని రెండోసారి దరఖాస్తు పెడితే పని ఇంకా చిక్కుపడుతుంది. 28 రోజులు దాటాక దరఖాస్తు రిఫరెన్సు నంబరు దగ్గర పెట్టుకుని, అక్కడి నుంచి ఏటీఓ నంబరు 13 28 61కు ఫోన్ చేయాలి. గతంలో స్టూడెంట్ వీసా మీద వెళ్లి టీఎఫ్ఎన్ తీసుకున్నవారికి పాత నంబరే జీవితాంతం చెల్లుతుంది, కొత్తది అడగొద్దు.

ఉత్తరం వచ్చేదాకా పనిలో చేరకుండా ఆగనక్కర్లేదు. చేరినప్పుడు యజమానికి నింపి ఇచ్చే పన్ను డిక్లరేషన్ ఫారంలో ‘దరఖాస్తు చేశాను’ అని గుర్తు పెడితే 28 రోజుల గడువుంటుంది. గడువు దాటినా నంబరు ఇవ్వకపోతే జీతంలో 45 శాతం కోస్తారు. వారానికి 900 డాలర్ల జీతమనుకోండి. నంబరు ఉంటే పోయేది 15 శాతం చొప్పున 135 డాలర్లు, లేకుంటే 405. ఎక్కువ పోయింది తిరిగి రావాలంటే సాధారణంగా జూన్ 30న పన్ను సంవత్సరం ముగిశాక రిటర్ను వేయాలి. అందాకా ఇంటి అద్దె ఆగదు కదా!

ఆ 15 శాతం ఏడాదికి 45,000 డాలర్ల ఆదాయం వరకే. పైగా యజమాని ఈ వీసావారిని పెట్టుకుంటున్నట్టు ఏటీఓ దగ్గర నమోదై ఉండాలి. లేకపోతే మొదటి డాలరు నుంచే 30 శాతం కోస్తాడు. పనిలో చేరేముందే అడగాల్సిన ప్రశ్న ఇది.

వాట్సాప్ సలహాల గురించి ఒక మాట చెప్పాలి. మన జిల్లాల నుంచి స్టూడెంట్ వీసా మీద వెళ్లినవాళ్లు ‘రెసిడెంట్ (పన్ను లెక్కలో అక్కడి నివాసి) అని టిక్ పెట్టు, ఏడాదికి 18,200 డాలర్ల దాకా పన్నుండదు’ అంటారు. చాలామంది విద్యార్థులకు అది సరిపోతుంది. కానీ ఈ వర్క్ అండ్ హాలిడే వీసావారు డిక్లరేషన్లో ‘వర్కింగ్ హాలిడే మేకర్’ గడికే టిక్ పెట్టాలి, పన్ను లేని పరిమితి ప్రశ్నకు ‘నో’ అనాలి. తప్పు టిక్కుతో వారం వారం చేతికి ఎక్కువే వస్తుంది. రిటర్ను వేళ బకాయి మీద పడొచ్చు.

టీఎఫ్ఎన్ బదులు ఏబీఎన్ తెచ్చుకోమనే యజమానులతో జాగ్రత్త. ఏబీఎన్ 11 అంకెల వ్యాపార నంబరు. గంటల లెక్కన, ఒకరి అజమాయిషీలో పనిచేసేవాడికి అది అక్కర్లేదు. అది తీసుకున్నాడంటే పన్ను బాధ్యత తనదే, సూపర్ జమ చేయకుండా యజమాని తప్పించుకుంటాడు. సూపర్ అంటే జీతంపైన యజమాని కట్టే రిటైర్మెంట్ సొమ్ము, 2025 జూలై నుంచి 12 శాతం. దేశం వదిలాక, వీసా ముగిశాక దాన్ని తీసుకోవచ్చు గానీ ఈ వీసావారికి అందులో 65 శాతం పన్నుకే పోతుంది. దాన్ని పొదుపని లెక్కేసుకుని ఇక్కడ అప్పు చేయొద్దు.

ఉద్యోగ ప్రకటన చూసి అడిగినవాడికల్లా టీఎఫ్ఎన్, పాస్‌పోర్టు ఫొటో పంపొద్దు. నంబరు ఇవ్వాల్సింది పనిలో చేరాక యజమానికి, ఇంకా ఏటీఓకు, బ్యాంకుకు, సూపర్ ఫండ్‌కు.

ఇక మన వైపు లెక్క. ఉద్యోగానికి వెళ్లినవారు ఆ ఆర్థిక సంవత్సరంలో 182 రోజులు, ఆపైన ఇండియాలోనే ఉండి ఉంటే సాధారణంగా పన్ను లెక్కలో ఇక్కడ రెసిడెంటే. నవంబరులో బయలుదేరినవారికి మార్చి లోపు అక్కడి జీతం ఇక్కడి రిటర్నులోనూ చూపాల్సి రావచ్చు. అక్కడ కట్టిన పన్నుకు క్రెడిట్ (ఇక్కడి పన్నులో తగ్గింపు) కోరాలంటే రుజువు కావాలి. మన ఏడాది ఏప్రిల్–మార్చి, వాళ్లది జూలై–జూన్. అందుకే వారం వారం పేస్లిప్పులు దాచుకోవాలి.

– ఒక పన్ను సలహాదారు, మహబూబ్‌నగర్